గ్లెనిస్ మడత

గడ్డకట్టించి పెట్టెల్లో అమ్మే ఫ్రీజర్ భోజనం అసలు తిండేనా అని ఎవరైనా అడిగితే మా ఊళ్ళో ఒళ్ళు మండుతుంది. ఊళ్ళో సగంమంది దాన్ని వండి బతికారు, మిగతా సగం తిని బతికారు. గ్లెనిస్ హారక్స్ మాత్రం అడిగినవాళ్ళకి ఒకటే జవాబు చెప్పేది. "ముందు అందులో మాంసం ముక్క పెట్టిన చెయ్యి ఎలాంటిదో కనుక్కోండి. తిండి సంగతి తర్వాత చూద్దాం."

రేవు వెనక ఫ్యాక్టరీలో ఆమె ఇరవై ఆరేళ్ళు బీఫ్ లైను మీద నిలబడింది. బంగాళాదుంప ముద్ద, బఠాణీలు వేసిన ట్రేలు బెల్టు మీద వస్తాయి. ఒక్కో ట్రేలో రెండు బీఫ్ ముక్కలు పెట్టడం ఆమె పని. పక్కనామె గ్రేవీ పోస్తుంది.

వాళ్ళ నాన్న సిరిల్ చేపల రేవులో పెట్టెలు మోసి నడుం పోగొట్టుకున్నవాడు. భార్య పోయాక రోజూ మధ్యాహ్నం ఆ భోజనమే తినేవాడు, అదీ పింగాణీ పళ్ళెంలో వేసుకుని. సొట్టపడిన భోజనం పెట్టెలు ఫ్యాక్టరీ పనివాళ్ళకి చవగ్గా ఇస్తారు. శుక్రవారం శుక్రవారం గ్లెనిస్ ఆయనకి ఏడు పట్టుకెళ్ళేది.

వేడిచేస్తే బీఫ్ అంచు తోలులా బిగుసుకుని ఆయన కట్టుడుపళ్ళకి లొంగేది కాదు. అందుకని గ్లెనిస్ అంచుని కిందికి మడిచి గ్రేవీలో మునిగేలా పెట్టడం మొదలుపెట్టింది. ముక్క మెత్తగా ఉండేది. అది చూసి లైను మీద మిగతా పదకొండుమందీ నేర్చుకున్నారు. దానికి గ్లెనిస్ మడత అని పేరు కూడా పడింది.

కిందటి వసంతంలో రూపర్ట్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. కుర్రవాడు, బూట్లకి మాంసం మరక అంటనివాడు. రెండ్రోజులు ఆ మడతనే చూస్తూ నిలబడ్డాడు. మూడోరోజు ట్రేకి ఒకే ముక్క చాలన్నాడు.

"మధ్యకి మడవండి. పైనుంచి రెండులాగే కనిపిస్తుంది. గ్రేవీ కాస్త చిక్కగా పోద్దాం," అన్నాడు. పెట్టె మీద బొమ్మలో రెండు ముక్కలూ అలాగే ఉన్నాయి. నాన్న పళ్ళ కోసం కనిపెట్టిన మడతతో ఊరి కళ్ళలో దుమ్ము కొట్టమంటున్నాడు. గ్లెనిస్‌కి అది తెలుస్తూనే ఉంది. అయినా నోరు మూసుకుని మడిచింది. అదే ఆమె చేసిన తప్పు.

ఆ శుక్రవారం సిరిల్ ఫోర్కుతో ముక్క విప్పి చూశాడు.

"రెండోది ఏదే? మీ ఆయనకి పెట్టావా?"

"కంపెనీ ఒకటే పెట్టమంది నాన్నా."

"పెట్టమంటుంది, వాళ్ళకేం. మడిచిందెవరు?"

ఆయన పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

"నలభై ఏళ్ళు చేపలు మోశాను. పైన పెద్దవి పేర్చి కింద చిన్నవి దాచిన పెట్టె ఒక్కటీ నా భుజం ఎక్కనివ్వలేదు. ఇది తీసుకుపో."

తర్వాత వారమంతా ఆయన టీ, రొట్టెతోనే గడిపాడు. చొక్కా వదులైంది. ఎంత బతిమాలినా ట్రే ముట్టలేదు. గ్లెనిస్‌కి ఆయన మీదా కోపమే, రూపర్ట్ మీదా కోపమే, అన్నిటికన్నా తన వేళ్ళ మీద కోపం.

ఆ పై సోమవారం ఆమె ముక్కని మడవకుండా పరిచి పెట్టింది. పదో ట్రేకే రూపర్ట్ పరుగున వచ్చాడు.

"ఏంటండీ ఇది? ఒక్కటేనని తెలిసిపోతోంది."

"ఒక్కటేగా ఉంది."

"మడవండి గ్లెనిస్ గారూ."

"ఆ మడత మా నాన్న పళ్ళ కోసం బాబూ, నీ దొంగతనానికి కాదు. రెండోది తెచ్చి పెట్టు, ఎంత కావాలంటే అంత మడుస్తాను."

అతను లైను ఆపించి ఆమెని ఇంటికి పొమ్మన్నాడు. గ్లెనిస్ ఏప్రను విప్పి బెల్టు మీద విసిరింది. తను పరిచిన ట్రే ఒకటి రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచింది. అడ్డుకునే ధైర్యం ఎవరూ చెయ్యలేదు.

మధ్యాహ్నం వేడిచేసి నాన్న ముందు పెట్టింది. ఆయన ఫోర్కుతో ముక్క అంచు ఎత్తి చూశాడు.

"ఒకటేనా?"

"ఒకటే నాన్నా."

"కనబడుతోందిలే," అని కత్తి అందుకున్నాడు. అంచు గట్టిగా ఉంది. చిగుళ్ళు నొప్పెడుతున్నా చివరిదాకా నమిలాడు.

గ్లెనిస్ కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగ చూస్తూ కూర్చుంది. లైను మళ్ళీ నడుస్తోంది. అక్కడ పదకొండుమందీ మడుస్తూనే ఉన్నారు. వాళ్ళకి నేర్పింది తనే.