బరువు చూసి కొన్న పవర్ సప్లై

ఒక ఇనుప డబ్బాను చేత్తో ఎత్తి చూసి కొన్నందుకు నేనొక పెళ్లినే బుగ్గి చేశాను. ఎక్కువ చేసి చెబుతున్నాననుకోకండి. పాన్‌గల్ వెళ్లి నా పేరెత్తండి, మిమ్మల్ని కూర్చోబెట్టి మరీ చెబుతారు.

అప్పట్లో వనపర్తిలో నాకో ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లి వీడియోలు కూర్చడానికి పాత కంప్యూటర్ ఆపసోపాలు పడుతుంటే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని తగిలించాను. పని మొదలుపెట్టగానే టప్పున ఆరిపోయేది. రిపేరు చేసే మస్తాన్ భాయ్ దగ్గరికి మోసుకెళ్లాను.

"నీ కార్డు మస్తు కరెంటు గుంజుతది శీనూ. లోపలున్న పవర్ సప్లై పాతది, గంత ఇయ్యలేదు. గీ ఆరు వందల యాభై వాట్లది తీస్కో. మంచి కంపెనీది, ఐదేండ్ల వారంటీ."

డబ్బా ఎత్తి చూశాను. "గింత అల్కగ ఉందేంది భాయ్?"

"నువ్వు దీన్ని తూకానికి అమ్ముతవా?"

నాకే చెప్పొచ్చాడని మనసులో అనుకుని డబ్బా అక్కడే పెట్టేశాను.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. ఆయన పెబ్బేరు సంతలో మేకల బేరగాడు. మేకను రెండు చేతులా ఎత్తి, దించేలోపే ఎన్ని కిలోల మాంసం పడుతుందో చెప్పేస్తాడు. చిన్నప్పటి నుంచి ఆయన వెంట తిరిగి నాకూ ఆ జబ్బు అంటుకుంది. పుచ్చకాయైనా, మిక్సీ అయినా ఎత్తందే కొనను. పెళ్లిచూపుల్లో ఒక్కచోటే నిగ్రహించుకున్నాను.

మామను వెంటబెట్టుకుని నాగర్‌కర్నూల్‌లో ఇంకో దుకాణానికి వెళ్లాను. అక్కడొక డబ్బా మీద నిప్పులు కక్కే సింహం బొమ్మ, దాని కింద వెయ్యి వాట్లని స్టిక్కర్. ధర మస్తాన్ భాయ్ చెప్పినదాంట్లో సగం. ఎత్తితే భుజం కిందికి లాగింది.

మామ కూడా ఎత్తి చూశాడు. "గట్టి సరుకు అల్లుడా. కడుపు నిండుగ ఉంది."

"వారంటీ ఎంత?" అని దుకాణదారును అడిగాను.

"ఇంత బరువున్నదానికి వారంటీ ఎందుకన్నా?"

ఇంతటి తర్కం విన్నాక ఇంకేం అడుగుతాను. కొన్నాను. పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ పది రోజులూ మస్తాన్ భాయ్ దుకాణం ముందు నుంచి పనిలేకున్నా నాలుగుసార్లు తిరిగాను.

అంతలో పాన్‌గల్‌లో బాలకిష్టయ్య అనే రైతు బిడ్డ పెళ్లి తీశాను. ఆయన తల్లి మంచం దిగలేని ముసలమ్మ. మనవరాలి పెళ్లికి రాలేకపోయింది కాబట్టి ఆమెకు నా వీడియోనే దిక్కు. మర్నాడు మల్దకల్‌లో ఇంకో పెళ్లి ఉంటే, తీసినదంతా కంప్యూటర్లోకి ఎక్కించి కెమెరా కార్డులు తుడిచేశాను. ఇంకో కాపీ రేపు తీద్దాంలే అనుకున్నాను.

ఆ రేపు రానేలేదు. పని చేస్తుండగా పెట్టె లోపల ఢామ్మంది. స్టూడియో నిండా పొగ.

మస్తాన్ భాయ్ పవర్ సప్లై మూత విప్పాడు. లోపల నాలుగు వైర్లు, అడుగున అతికించిన సిమెంటు ముద్ద.

"ఇల్లు కడుతున్నవా శీనూ?"

"మరి వాట్లు?"

"స్టిక్కర్ మీదనే ఉన్నయి. హార్డ్ డిస్క్ కూడ కాలింది. అండ్ల ఏముండె?"

"బాలకిష్టయ్య బిడ్డ పెండ్లి."

మస్తాన్ భాయ్ టీ తెప్పించి నా ముందు పెట్టాడు. అంత భయం నాకు జీవితంలో వేయలేదు.

పాన్‌గల్ వెళ్లి సంగతి చెప్పి, తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వబోయాను. బాలకిష్టయ్య నా చెయ్యి తోసేశాడు.

"నీ పైసలు నాకేం వద్దు. మా అమ్మకు పెండ్లి సూపియ్యి."

"పెద్దాయనా, బిడ్డ అల్లుడు ఇక్కడనే ఉన్నరు గద. జర జీలకర్ర బెల్లం దాకన్న మల్లొకసారి..."

ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. చివరికి ముసలమ్మ గదిలోనే పీటలు వేశారు. పెళ్లికొడుకు దుస్తులు ఇస్త్రీ లేకుండానే వేసుకున్నాడు. అయ్యగారు వచ్చి, "మంత్రాలు మల్ల సదవరాదు, పెదవులు కదిలిస్త" అన్నారు. మొదటిసారి తలెత్తని పెళ్లికూతురు ఈసారి జీలకర్ర బెల్లం మొగుడి నెత్తిన చప్పుడొచ్చేలా పెట్టింది. అప్పగింతల్లో ఏడవమని బతిమాలితే వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ముసలమ్మ మాత్రం కన్నార్పకుండా చూసింది. అక్షింతలు వేసి కొడుకు వైపు తిరిగింది.

"గీ ఫోటోలాయననే మంచోడు. నువ్వు పెండ్లి ఫంక్షన్ హాల్ల చేస్తివి. ఈయన నా మంచం కాడికి తెచ్చిండు."

నాకు కళ్లు చెమర్చాయి. బాలకిష్టయ్య పళ్లు నూరడం కూడా కెమెరాలో స్పష్టంగా పడింది.

ఆ మంచం కోడు పట్టుకుని అక్కడికక్కడే ప్రమాణం చేశాను. ఇకపై ప్రతి పెళ్లికీ వీడియో రెండు కాపీలు తీస్తాను గానీ, ఒక్క వీడియో కోసం రెండు పెళ్లిళ్లు మాత్రం చేయించను.