చల్లారాక మేస్త్రి

చల్లారాక మేస్త్రి ఎక్కడుంటాడని అడిగితే మా వీధిలో ఎవరైనా ఆ రేకుల షెడ్డు చూపిస్తారు. సొంత పేరు చెప్పి అడిగితే మాత్రం తల గోక్కుంటారు. ఆయన భార్యే ఒకసారి కొత్తగా వచ్చిన పాలమనిషికి "చల్లారాక మేస్త్రి ఇల్లు" అని గుర్తు చెప్పి, తర్వాత నాలుక కరుచుకుంది.

ఆయన చదువు ఊరి బడిలో అయిదో తరగతి దగ్గర ఆగింది. అయితేనేం, ఆయన చేతి మీదుగా వెళ్ళిన ఇంజన్లను వరసగా నిలబెడితే మా వీధి చాలదు. పెద్దాసుపత్రి జనరేటరు బోరు చేసింది ఆయనే. మంటలార్పే బండికి చేసిందీ ఆయనే. ఎవరూ ముట్టుకోనన్న రోడ్డు రోలరును, దాని విడిభాగాలు కూడా దొరకని రోజుల్లో, మళ్ళీ నడిపించిందీ ఆయనే. ఇవన్నీ ఎవరూ అడక్కపోయినా ఆయనే చెబుతాడు. కుర్రకారు మూతి తిప్పుకుంటారు గానీ, అందులో ఒక్కటీ కల్పించింది కాదు. చివరికి ఎప్పుడూ ఒక లాంచీ ఇంజను దగ్గరికి వచ్చి ఆగుతాడు. ఆ ఇంజను కథ తెలియాలంటే ముందు వాళ్ళ వదిన సంగతి తెలియాలి.

అప్పట్లో షెడ్డులో లేతు పని ఆయన అన్నయ్యది, బోరింగు పని వదినది. ఆవిడ పుట్టింట్లో తండ్రి పక్కన నిలబడి ఆ విద్య నేర్చుకుంది. తండ్రి పోతూ పోతూ తన బోరింగ్ మిషనును కొడుకులకు కాదని కూతురికిచ్చాడు. చీర కొంగు బిగించి దోపుకుని, పైన ఖాకీ చొక్కా వేసుకుని ఆవిడ మిషను దగ్గర నిలబడితే, లోపలికొచ్చిన డ్రైవర్లు మొదట మేస్త్రి ఎక్కడని అడిగేవారు. "చెప్పండి, వింటున్నాను" అనేది వదిన, తల ఎత్తకుండానే.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇంజను కొన్నేళ్ళు తిరిగాక పిస్టను పైకీ కిందికీ రాసుకుని సిలిండరు గోడ అరిగిపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు వాటంలోకి తిరుగుతుంది. అప్పుడిక ఇంజను ఆయిలు తాగుతుంది, పొగ కక్కుతుంది, బరువు లాగనని మొండికేస్తుంది. ఆ రంధ్రాన్ని మళ్ళీ గుండ్రంగా కోసి, కొత్త కొలతకు తగినట్టు కాస్త లావుపాటి పిస్టను వేయడమే బోరింగు. మాటల్లో ఇంతే. చేతికి రావడానికే ఏళ్ళు పడుతుంది.

అప్పట్లో మేస్త్రిని అందరూ 'ఉరుకులు' అని పిలిచేవారు. నీళ్ళ పంపుల ఇంజన్లు విప్పి బిగించడంలో దిట్ట. నట్టు చేతిలోకి రాకముందే స్పానరు తిప్పే రకం. అన్నం కూడా నిలబడే తినేవాడని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుంటారు. అలాంటి రోజుల్లో వదిన కుడి భుజం పట్టేసింది. మిషను పిడి తిప్పాలన్నా, సిలిండర్లుండే బరువైన ఇంజను బ్లాకును ఒక పక్కకి జరపాలన్నా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇక ఆ పని మానాల్సిందేనని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు.

ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆవిడే మాట కదిపింది.

"మిషను ఊరికే పడుంటే తుప్పు పట్టిపోతుంది. ఎదురు షెడ్డాయన ఇచ్చెయ్యమంటున్నాడు. నువ్వు నేర్చుకుంటావా మరిదీ, ఇచ్చెయ్యమంటావా?"

"నేనుండగా ఎదురు షెడ్డెందుకు వదినా?"

"ఉండటం వేరు, కుదురుగా ఉండటం వేరు. నాన్న మిషను పాడుచేసే చేతికి ఇవ్వను. ముందు చూస్తాను."

అన్నయ్య పులుసు కలుపుకుంటూ ఉండిపోయాడు. ఆయన ఎప్పుడూ అంతే. లేతు ముందు నిలబడ్డా, కంచం ముందు కూర్చున్నా నోట్లోంచి మాట రాదు.

ఆ మర్నాటి నుంచే మొదలైంది. వదిన చాలాకాలం మిషను ముట్టుకోనివ్వలేదు. బ్లాకులు కిరసనాయిలుతో కడగమనేది. కడిగాక కళ్ళు మూసుకుని సిలిండరు అంచు కింద గోరుతో తడమమనేది. పిస్టను చుట్టూ ఉండే రింగులు రాసుకున్న చోటు దాటగానే గోరుకు చిన్న గట్టు తగులుతుంది. ఆ గట్టును బట్టి ఎంత అరిగిందో ముందు చేతికి తెలియాలి, తర్వాతే కొలత పనిముట్టు తీయాలి. కోసే టూలు మొన సానబెట్టడం ఒక చదువు. ఆ టూలు బిగించే బారును సిలిండరు నడిమధ్యకు నిలపడం ఇంకో చదువు. ఉరుకులు మొదటిసారి పై అంచును చూసి నడిమధ్య తేల్చేశాడు. వదిన ఒక్క తిప్పులో బారంతా ఊడదీసింది. పైన అరిగిన చోటు అబద్ధం చెబుతుందని, అడుగున రింగులు తాకని చోటే నిజం చెబుతుందని, అక్కడ చూసుకోవాలని అంది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ మేస్త్రి ముక్కుకు ఆ వాసనే వస్తుందట. కోతలో వేడెక్కిన పోత ఇనుము వాసన, కిరసనాయిలు వాసన, వదిన స్టూలు కింద పెట్టుకునే వక్కపొడి డబ్బా వాసన. రేకుల కంతల్లోంచి ఎండ గీతలు గీతలుగా దిగేది. ఇనుప రజను ఆ గీతల్లో తేలేది. టూలు సరిగా కోస్తుంటే బియ్యం చెరిగినట్టు ఒకే తీరుగా చప్పుడొస్తుంది, మొన మొద్దుబారితే ఆ చప్పుడులో జీర పడుతుంది. వదిన వీపు తిప్పి కూర్చుని కూడా ఆ జీర పట్టేసేది.

చివరికి ఒక పాత పంపు బ్లాకు ముందు పెట్టి బోరు చేయమంది. తుక్కులోకి పోవాల్సిన బ్లాకు. ఉరుకులు పండగ చేసుకున్నాడు. చూపులు నిలిపి, ఊపిరి బిగబట్టి, చక్కగా కోశాడు. తీరా పిస్టను లోపల పెట్టి, పక్కనుంచి సన్నటి ఉక్కు రేకు దూర్చి లాగితే, వెన్నలోంచి లాగినట్టు జారి వచ్చేసింది. కాస్త పట్టుకుని, కాస్త బిగువుగా రావాలి. అంటే రంధ్రం పెద్దదైపోయింది. రాసుకున్న కొలతలు మళ్ళీ చూసుకున్నాడు, కోతలో ఎక్కడా తప్పు లేదు.

"నీ చంక అడుగు, చెబుతుంది" అంది వదిన.

సంగతేమిటంటే, రెండు చేతుల్లో పనిముట్లు పట్టుకుని తిరిగే మనిషి కాబట్టి పిస్టనును చంకలో ఇరికించుకునే అలవాటు ఆయనకు. ఆ పొద్దంతా అలాగే తిరిగాడు. అల్యూమినియం పిస్టను ఒంటి వేడికి ఉబ్బింది. ఉబ్బిన పిస్టనును కొలిచి, ఆ కొలతకు చల్లటి సిలిండరును కోశాడు. కోత ముగిసేలోగా పిస్టను చల్లారి సన్నబడింది. వెంట్రుకలో సగం తేడా కూడా ఉండదు. కానీ ఇంజనుకు ఆ మాత్రం చాలు, గొంతులో గుండ్రాయి పడ్డట్టు కొట్టుకుంటుంది.

"పిస్టనుకేమైనా జ్వరమొచ్చిందా, చంటిపిల్లని మోసినట్టు మోశావు?" అని ఊరుకోలేదు ఆవిడ. అన్నం వడ్డిస్తూ అడిగింది, చేతులు కడుక్కుంటుంటే అడిగింది. పక్కింటి అక్కయ్యకు చెప్పి మరీ అడిగించింది. లేతు దగ్గర అన్నయ్య భుజాలు కదలడం ఉరుకులు చూశాడు. ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి.

తర్వాత వదిన తన తండ్రి పద్ధతి చెప్పింది. బ్లాకూ పిస్టన్లూ ముందురోజే ఒకే గదిలో, ఒకే బల్ల మీద పెట్టాలి. కొత్త చుట్టాలు ఒక పూట ఒకే కప్పు కింద పడుకుని లేస్తే గానీ ఒకరికొకరు అలవాటు పడరు కదా, ఇవీ అంతే. రెండూ ఒకే చల్లదనానికి వచ్చాకే కొలత. అంతవరకూ ముట్టుకోకూడదు.

అలా ఉండగా లాంచీ ఇంజను వచ్చింది. ఏటికి అవతల ఉన్న ఊళ్ళన్నింటికీ ఆ లాంచీయే దిక్కు. అది ఆగిపోతే తెడ్ల పడవ ఎక్కాలి, ముసలివాళ్ళూ రోగులూ అవస్థ పడాలి. లాంచీ డ్రైవరు నలుగురు మనుషులతో బ్లాకు మోయించుకొచ్చి, సాయంత్రానికి ఇచ్చెయ్యాలని పట్టుబట్టాడు. ఎదురు షెడ్డాయన కూడా వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన కళ్ళు మిషను మీదే ఉన్నాయి.

వదిన స్టూలు మీద కూర్చుని చేయి ఒళ్ళో పెట్టుకుంది. "ఇది నువ్వు చెయ్యి మరిదీ. కుదిరితే మిషను నీది. కుదరకపోతే రేపే ఆయన పట్టుకుపోతాడు" అంది, అందరూ వినేలాగానే.

కొత్త పిస్టన్లు బ్లాకుతో పాటే పొద్దున్నే వచ్చేశాయి, నీడలో బల్ల మీదే పెట్టించాడు. బ్లాకు కూడా చల్లగానే ఉంది. ఉరుకులు అడుగున నిజం చెప్పే చోటు చూసుకుని బారు నిలిపాడు. చాలాసేపు పట్టింది. తల ఎత్తేసరికి లాంచీ డ్రైవరు సాయం చేసేశాడు. పిస్టన్లకున్న గ్రీసు కడిగి తుడిచి, ఆరతాయని గుమ్మం ముందు ఎండలో వరసగా పేర్చాడు. ఉరుకులు వెనక్కి తిరిగి చేయి చాస్తే ఒక పిస్టను అందించాడు కూడా. ఉరుకులు దాన్ని మైక్రోమీటరుతో కొలిచాడు, టూలు ఆ కొలతకు నిలిపాడు, స్విచ్చి మీద వేలు పెట్టాడు. మరో చేతిలో పిస్టను ఇంకా అలాగే ఉంది.

అరచెయ్యి చెప్పింది. వెచ్చగా ఉంది.

గుమ్మంలో ఎదురు షెడ్డాయన, పక్కన తొందరపెడుతున్న డ్రైవరు, ఏటి ఒడ్డున ఎదురుచూస్తున్న జనం. ఆయన స్విచ్చి మీంచి వేలు తీశాడు. పిస్టన్లన్నీ తీసుకొచ్చి బ్లాకు పక్కన బల్ల మీద పెట్టి, పైన గుడ్డ కప్పాడు.

"చల్లారాక చూద్దాం అన్నా. రేపు పొద్దున రా" అన్నాడు.

డ్రైవరు మొహం జేవురించింది. తన పనిలో తనెప్పుడూ జనాన్ని నిలబెట్టలేదని, ఇంత చిన్న పనికి ఇంత నాన్చుడా అని, ఎదురు షెడ్డులో అయితే ఈపాటికి సగం అయ్యేదని ఏకరువు పెట్టాడు. ఎదురు షెడ్డాయన కాదనలేదు. ఉరుకులు మిషను తుడవడం మొదలుపెట్టాడు. ఆ తుడవడం చూసిన అన్నయ్య లేతు ఆపేశాడు. ఆ షెడ్డులో పని మధ్యలో లేతు ఆగడం ఎవరూ ఎరుగరు.

డ్రైవరు చివరికి వదిన దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మీ మరిదికి మీరైనా చెప్పండి. మనుషులు ఒడ్డున పడిగాపులు పడి ఉన్నారు."

వదిన లేచి వెళ్ళి గుడ్డ పక్కకు తీసి ఒక పిస్టను మీద అరచెయ్యి ఉంచింది. కాసేపు అలాగే ఉంచి, గుడ్డ మళ్ళీ కప్పేసింది.

"మేస్త్రి గారితో మాట్లాడుకోండి. మిషను ఆయనది. ఆయన చల్లారాక అంటే చల్లారాకే" అంది.

అంతవరకూ ఆవిడ ఆయన్ని నువ్వు అనే పిలిచింది, మరిదీ అని పిలిచింది, పరాచికానికి చంకమేస్త్రి అని కూడా పిలిచింది. గారు అనడం అదే మొదలు. ఎదురు షెడ్డాయన గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాలుగు సిలిండర్లూ కోశాడు. వేడి ఒకచోట చేరకుండా ఒకటి విడిచి ఒకటి కోశాడు. ఆఖర్న సానరాయితో సిలిండరు గోడల మీద సన్నటి అడ్డగీతలు, ఆయిలు పట్టి నిలిచేలా, చాప అల్లికలా గీశాడు. ఉక్కు రేకు నాలుగింట్లోనూ ఒకే బిగువుతో వచ్చింది. లాంచీ కదిలిన రోజు డ్రైవరు ముగ్గురినీ ఎక్కించుకుని అవతలి ఒడ్డుదాకా తిప్పాడు. తిరిగొచ్చేటప్పుడు వదిన ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టి, నీళ్ళవైపు చూస్తూ కూర్చుంది. అన్నయ్య చప్పుడు విని తల ఊపాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ పొందలేదు.

ఇప్పుడు ఏటి మీద వంతెన పడింది, లాంచీ ఒడ్డున బోర్లా పడి ఉంది. అరిగిన బ్లాకు పారేసి కొత్తది వేసుకునే కాలం. షెడ్డులో పని పలచబడింది, అన్నయ్య లేతు మీద గుడ్డ కప్పి ఉంది. వదిన మాత్రం ఎండ చల్లబడ్డాక వచ్చి అదే స్టూలు మీద కూర్చుంటుంది. భుజం ఇప్పటికీ సలుపుతూనే ఉంటుంది. మేస్త్రి వచ్చినవాళ్ళకు జనరేటరు కథ, రోడ్డు రోలరు కథ గొంతెత్తి చెబుతుంటే వక్కపొడి నములుతూ వింటుంది, ఎప్పుడైనా వెనక నుంచి తప్పు దిద్దుతుంది.

లాంచీ దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గుతుంది. వదిన అన్న మాట దాకా వచ్చి, 'గారు' అన్నచోట ఆగి, ఒకసారి స్టూలు వైపు చూస్తాడు.

"అన్నానులే, ముందు మిషనుకి ఆయిలు వెయ్యి" అంటుంది ఆవిడ.