అన్నయిన మా శివరాములు

మా చర్చికి సోమవారం నుంచి శనివారం దాకా వేరే పేరుంది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తులో శ్రేష్ఠ టెక్నాలజీస్ అనే కోచింగ్ సెంటరు అది. ఆదివారం పొద్దున బోర్డు మీద మిగిలిన కోడ్ తుడిచేసి బైబిలు వాక్యం రాస్తాం. తుడవలేనిది ఒక్కటే. పాస్టర్ గారు నిలబడే బల్ల ముందువైపు ఎర్రటి అక్షరాలతో ‘ఉద్యోగం గ్యారంటీ’ అని ఉంటుంది. దాని వెనక నుంచి ఆయన నిత్యజీవం గురించి చెబుతుంటే, కీబోర్డు దగ్గర నేను నవ్వు ఆపుకోలేక చస్తుంటాను.

పాస్టర్ బుచ్చిబాబు గారిది భీమవరం. మంచి మనిషే గానీ, పోస్ట్‌మోడర్న్ అన్న మాట పట్టుకుంటే వదలరు. “ఎవరి సత్యం వాళ్ళదట! సత్యం ఒకటే కదమ్మా!” అని వాపోతారు. వినేవాళ్ళేమో అమీర్‌పేట హాస్టళ్ళ నుంచి వచ్చిన కోర్సు పిల్లలు, సరిగ్గా ఎవరి సత్యం వాళ్ళదనేవాళ్ళే. వాళ్ళే ఒకరోజు అడిగారు. “ఎప్పుడూ మనమే చెబుతాం సార్. బయటివాళ్ళకు మనం ఎలా కనబడుతున్నామో ఎప్పుడైనా విన్నామా?” ఆయన వారమంతా ప్రార్థన చేసి ఒప్పుకున్నారు. నెలకో ఆదివారం విశ్వాసి కాని మనిషి ఒకరు వచ్చి మైకులో మాట్లాడాలి. మేం వినాలి, ఎదురు చెప్పకూడదు. నాకైతే పూనకం వచ్చినంత సంబరం! చర్చిలో ఆ మాట అనకూడదు గానీ, అదే సరైన మాట.

మొదట ఎవరిని పిలవాలన్నదాని మీద చర్చే జరగలేదు. అందరి నోటా శివరాములు అంకుల్ పేరే వచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చి పంజాగుట్టలో జాకెట్లు కుట్టే టైలరు ఆయన. నావీ ఆయనే కుడతాడు. చెప్పిన రోజుకు ఒక్కసారీ ఇవ్వలేదు, అది వేరే సంగతి. భార్య రాజమణి ఆంటీ మా చర్చి విశ్వాసి, ఆయన కాదు. ఇంట్లో ఆయన మార్కండేయుడికి దండం పెట్టుకుంటాడు, ఆ పక్కగదిలోనే ఆవిడ మోకరిస్తుంది. ఆదివారం ఆవిడను స్కూటర్ మీద తెచ్చి, తను మాత్రం మెట్ల మీద నీళ్ళ క్యాన్ల పక్కన కూర్చుంటాడు. పాటలకు కాలు ఊపుతూ, చివరి ఆమెన్ దాకా కదలడు.

ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఒక మూటతో వచ్చాడు. మెట్ల మీద నన్ను ఆపాడు.

“సుమమ్మా, మస్తు గాబరైతుంది. గాని రాకుంటె ఎట్ల? ఇన్నేండ్ల సంది వారం వారం నన్ను అన్న అంటుండ్రు గద.”

“ఎవరు అంకుల్?”

“మీ పాస్టరు సారే. ‘అన్నయిన మా శివరాములును జ్ఞాపకం చేసుకో తండ్రీ’ అంటడు. మీరందరు ఆమెన్ అంటరు. నేను ఒక్కన్నే పుట్టిన. గింతమంది తమ్ముండ్లు, చెల్లెండ్లు నాకు యాడ దొరుకుతరు?”

పాస్టర్ గారు అనేది ‘అన్నయిన’ కాదు, ‘అన్యుడైన’. మా బైబిలు తెలుగులో అన్యుడంటే మనవాడు కానివాడు, ఇంకా రక్షణలోకి రానివాడు. ఆ మాట మాకు ఊపిరి పీల్చినంత అలవాటు. మా పాత స్పీకరు గొంతులోంచి మెట్ల దాకా వెళ్ళేసరికి అది కాస్తా అన్న అయి కూర్చుంది!

లోపలికి పరుగెత్తి ఆంటీకి చెప్పాను. ఆవిడకు ముందే తెలుసు.

“గట్లనే అనుకోనీ సుమా,” అంది నా చెయ్యి గట్టిగా పట్టుకుని. “అసలు సంగతి తెలిస్తే మళ్ల గీ మెట్లు సుత ఎక్కడు. నాతోని గింత దూరమన్న వస్తుండు.”

పాస్టర్ గారి చెవిన వేద్దామనుకునేలోపే ఆయన మైకు అందుకుని శివరాములు అంకుల్‌ని పిలిచేశారు. ఆయన నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి మూట విప్పాడు. మెరూన్ రంగు గుడ్డ, చుట్టూ జరీ అంచు, బల్లకు సరిగ్గా కొలతపెట్టి కుట్టాడు. పరిచేసరికి ‘ఉద్యోగం గ్యారంటీ’ మాయం! పిల్లలు ఈలలేసి చప్పట్లు కొట్టారు.

“అన్న అన్నంక వట్టి చేతులతోని రావద్దు గద,” అన్నాడు. “మీ దేవునికి నేను మొక్కినోన్ని గాదు. అయినా వారం వారం నన్ను అన్న అని యాది చేస్తరు. మీరు ఎట్ల కనబడుతుండ్రు అని అడిగిండ్రు. నాకైతే సొంత తమ్ముండ్లు, చెల్లెండ్ల లెక్కనే కనబడుతుండ్రు.”

చప్పట్లు ఆగిపోయాయి. మాట ఎక్కడ తేడా కొట్టిందో ఒక్కొక్కరికే అర్థమవుతోంది. పాస్టర్ గారి ముఖం పాలిపోయింది. నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది, అందరం అదే కోరుకున్నాం. నేనైతే ఏదో ఒక పాట ఎత్తుకుందామని కీబోర్డు మీద వేళ్ళు కూడా పెట్టాను. కానీ సత్యం ఒకటే అని ప్రతి వారం చెప్పే మనిషాయె.

“శివరాములు గారూ, క్షమించండి,” అన్నారు. “నేను అన్న అనలేదండీ. అన్యుడు అన్నాను. అంటే... బయటివాడు అని.”

ఆంటీ కళ్ళు మూసుకుంది. నాకు పాస్టర్ గారి మీద ఒళ్ళు మండిపోయింది. ఈ నిజం ఇప్పుడే చెప్పాలా?

శివరాములు అంకుల్ ఆ మాటను పెదాల మీద ఒకసారి అనుకున్నాడు. బల్ల మీద గుడ్డ ఓ మూల ముడత పడితే సరిచేశాడు. తలుపు వైపు చూశాడు, తర్వాత మా వైపు.

“బయటోడు అనేది గా మెట్ల మీద కూసున్నప్పటి మాట గద సారూ,” అన్నాడు. “గిప్పుడు లోపట్నే ఉన్న.”

ఎదురు చెప్పకూడదన్న నియమం పెట్టుకుంది మేమే. రాజమణి ఆంటీ ఏడుస్తూనే పక్క కుర్చీలో పెట్టిన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

ప్రార్థన మొదలైంది. అంకుల్ పేరు చెప్పే చోటికి వచ్చేసరికి పాస్టర్ గారు మైకు నోటికి దగ్గరగా లాక్కున్నారు.

“మా అన్న... శివరాములును... జ్ఞాపకం చేసుకో తండ్రీ,” అన్నారు, స్పీకరుకు కూడా స్పష్టంగా వినబడేలా.

ఆమెన్ అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.