కుడి కనుబొమ్మ మీది గాటు

నేను రెండో తరగతి చదివేటప్పుడు మా నాయిన ఎడమ కనుబొమ్మ మీది గాటును ఫొటోలో కుడి కనుబొమ్మ మీద పెట్టిండ్రు. అది తప్పు. అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. చిన్న విషయమని చాలామంది నాకు సర్దిచెప్పజూసిండ్రు. మనిషి ముఖం మీద ఉన్నదాన్ని ఉన్నచోట ఉంచకపోతే ఇగ ఆ ఫొటో ఎందుకని నేను అడుగుతనే ఉన్న.

మా నాయిన లక్డారం దగ్గర రాయి కొట్టేటోడు. ఒకసారి సుత్తె దెబ్బకు రాయి పెళ్ల ఎగిరి ఎడమ కనుబొమ్మకు తగిలింది. గాయం మానింది గాని అక్కడ వెంట్రుకలు మళ్ల మొలవలేదు. కనుబొమ్మ రెండు ముక్కలైనట్టు సన్నటి గీత మిగిలింది. ఆయన నన్ను ఎప్పుడూ ఎడమ చేతి మీదనే ఎత్తుకునేటోడు. కుడి చేతిలో సంచో, సుత్తో ఉండేది. అందుకని నాకు అందేది ఆ ఎడమ కనుబొమ్మే. ఆ గీతలో వేలు పెట్టి రాస్తుంటే ఆయన ఆ కన్ను మూసుకునేటోడు. నీకు అప్పటికి కుడి ఎడమలు తెల్వయని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నా వేలికి తెలుసు.

ఆయన కామెర్లతో పోయిండు. ఒక్క ఫొటో లేదు. పెండ్లి చర్చిలో అయింది, పాదిరిగారు ప్రార్థన చేసిండు, వచ్చినోళ్లంత అన్నం తిన్నరు, ఫొటో తీసేటోడు మాత్రం లేడు. మా చెల్లె అప్పటికి చంకలో పిల్ల. దానికి నాయిన ముఖమే తెల్వకుంట పోతదని మా అమ్మకు బెంగ పట్టుకున్నది. ఆ రోజుల్లో ఫొటో లేకుండ పోయినవాళ్లకు ఒక ఉపాయం ఉండేది. తోడబుట్టినోన్ని కూసుండబెట్టి ఫొటో తీసి, దాన్ని దిద్ది, పోయిన మనిషిని చేసేటోళ్లు. మా చిన్నాయినది అచ్చం కాకపోయినా అన్న పోలికే. సంగారెడ్డిలో ఆ పని తెలిసిన ఆయన ఉన్నడని విని, నాయిన పండుగ అంగి సంచిలో పెట్టుకొని నలుగురం బస్సెక్కినం.

స్టూడియో ఆయనను అందరు ఫొటో సాబ్ అనేటోళ్లు. నెమ్మదస్తుడు. చిన్నాయినకు నాయిన అంగి తొడిగించి స్టూలు మీద కూసుండబెట్టి, మా అమ్మను ఒక్కొక్కటే అడిగిండు. అన్నకు తమ్మునికి తేడా ఎక్కడ, బుగ్గలెట్లుండె, నుదురెట్లుండె అని. ఆయనకు బుగ్గలు లోపలికుండె, నుదుటి మీద గీతలుండె అని అమ్మ చెప్పింది. కనుబొమ్మ మీద గాటు సంగతి నేనే చెప్పిన. ఎడమకు అని కూడ చెప్పిన. సాబ్ నా దిక్కు చూసి తల ఊపిండు.

ముందు రెండు దీపాలు ఎదురుగ పెట్టిండు. చిన్నాయిన ముఖం పొంగిన పూరీ లెక్క కనబడ్డది. "తమ్ముడు జెర మంచిగనే తింటున్నట్టున్నడు" అని సాబ్ అంటే, ఏడుపు ముఖాలతో వచ్చిన మేమందరం నవ్వినం. తర్వాత ఆయన ఒక దీపం ఆర్పేసిండు. రెండోదాన్ని చిన్నాయిన కుడి పక్కకు జరిపి, కొంచెం మీదికి లేపిండు. ముఖంలో కుడి సగానికి వెలుగు, ఎడమ సగానికి నీడ పడ్డది. ఉబ్బిన బుగ్గ నీడలో కరిగిపోయింది, దవడ ఎముక తేలింది. నా కండ్ల ముందటనే చిన్నాయిన సగం మా నాయిన అయిండు. నా నోట్లకెళ్లి "నాయినా" అని వచ్చింది. కదలొద్దని చెప్పిండ్రు కాబట్టి చిన్నాయిన కదలలేదు గాని, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.  చిన్నాయిన తుడుచుకున్నదాక ఆగి, సాబ్ అప్పుడు ఫొటో తీసిండు.

దిద్దేటప్పుడు మళ్ల రమ్మన్నడు. కిటికీ దగ్గర ఏటవాలు బల్ల, దాని నడుమ అద్దం, అద్దం మీద నెగటివ్. సూది లెక్క చెక్కిన పెన్సిల్, ఒక చిన్న బ్లేడు. నెగటివ్‌లో అంతా ఉల్టా. పెన్సిల్‌తోని నల్లగ గీస్తే కాయితం మీద తెల్లగ వస్తది, బ్లేడుతోని గీకితే నల్లగ వస్తది. ఊర్లో అందరికీ ముఖం మీది ముడతలు తీసేసే మనిషి, మా చిన్నాయిన నుదుటి మీద ముడతలు పెట్టుకుంట కూసున్నడు. నాకు చిత్రమనిపించింది. అన్నీ అయినంక, కాయితం మీద అచ్చు వేసే ముందు ఒకసారి చూసిపోమ్మా అని సాబ్ మా అమ్మను లోపలికి పిలిచిండు. చిన్నాయిన నన్ను సోడా తాగిపిస్తనని రోడ్డు మీదికి తీసుకపోయిండు. మేము వచ్చేసరికి అమ్మ చెల్లెను ఎత్తుకొని గడప దగ్గర నిలబడ్డది.

ఫొటో ఇంటికి వచ్చిన రోజు చుట్టాలందరు చూసి ఇగ అతనే, బతికొచ్చినట్టే ఉన్నడు అన్నరు. నేను మాత్రం గాటు అటు దిక్కు కాదన్న. ఒకసారి కాదు, అన్నం తినేటప్పుడు, పండుకునేటప్పుడు, వచ్చినోళ్ల ముందట, అంటనే ఉన్న. చిన్నాయిన విసుక్కున్నడు, గాటైతే ఉన్నది గదరా అని. అమ్మను అడిగితే సాబ్‌కే తెలుసు అన్నది. కొంచెం పెద్దగయినంక సంగారెడ్డి పోయి సాబ్‌ను అడిగితే ఆయన టీ తాగిపిచ్చి, మీ అమ్మకే తెలుసు అన్నడు. ఇద్దరి నడుమ నన్ను గోలీ లెక్క దొర్లిచ్చిండ్రు. 

ఏడో తరగతితో నా బడి బందయింది. పటాన్‌చెరులో లేతు మిషన్ మీద పని నేర్చుకున్న. కానీ ఆ గాటు నన్ను ఊకోనియ్యలేదు. లైబ్రరీకి పోయి ఫొటోల పని గురించి దొరికినవన్నీ చదివిన. నెగటివ్ తిరగేసి అచ్చు వేసిండ్రేమో అని ఒక పంతులుగారు అంటే, అట్లయితే అంగి జేబు కూడ కుడికి పోవాలె గద సార్ అన్న. జేబు ఎడమకే ఉన్నది. చదవంగ చదవంగ నాకు నేనే ఒక జవాబు చెప్పుకున్న. ఎడమ దిక్కు నీడ, అక్కడ గాటు పెడితే కనబడదు, అందుకని సాబ్ వెలుగు దిక్కు పెట్టి చేతులు దులుపుకున్నడు. దీపం ఇటు కాకపోతే అటు పెట్టవచ్చు గద. పనిమంతుడు చేసే పనేనా అది? సాబ్ పోయిన తర్వాత కూడ ఆయన మీద ఆ కోపం ఉంచుకున్న. ఏటేటా నాయిన పేరు మీద ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నప్పుడు, ఆమెన్ అనంగనే చెల్లె పిల్లలను పిలిచి, ఇగో మీ తాతకు గాటు అటు కాదు, ఇటు అని నా కనుబొమ్మ మీద వేలు పెట్టి చూపించేటోన్ని. పిల్లలు నేను చెప్పకముందే నవ్వుకుంట ఎడమ కనుబొమ్మలు పట్టుకునేటోళ్లు.

నిరుడు పటాన్‌చెరు సెంటర్‌లో ఒక కంప్యూటర్ ఫొటో షాపుకు పోయిన. పిల్లవాడు రంగులు వేస్తనన్నడు, ముఖం నున్నగ చేస్తనన్నడు. ఏమొద్దు, ఆ గాటు ఒక్కటి ఇటుకెళ్లి అటు మార్చమన్న. నేను నిలబడంగనే మార్చి ఇచ్చిండు. ఇంత చిన్న పనికి ఇన్నేండ్లు కొట్లాడిననా అని నాకే సిగ్గనిపించింది. కొత్త ఫ్రేము కట్టిచ్చి, పాతది తీసి, చర్చి క్యాలెండర్ పక్కన కొత్తది తగిలించిన. తప్పు సరైంది అనుకున్న.

మా అమ్మకు తొంభై దగ్గరున్నయి. కండ్ల ఆపరేషన్ అయినంక చూపు బాగనే ఆనుతది. మంచం మీదనే ఉండి చాలాసేపు ఆ ఫొటో దిక్కే చూసింది. నేను పక్కన కూసొని మెచ్చుకుంటదని ఎదురుచూసిన. పాతది ఏది అని అడిగింది. తెచ్చి చేతిలో పెట్టిన. కొంగుతోని అద్దం తుడిచి, దాన్నే మళ్ల గోడకు పెట్టమన్నది. ఎందుకమ్మా, ఇప్పుడే గద సక్కగైంది అన్న. అప్పుడు చెప్పింది. నేను పాతదే పెట్టిన. కొత్తది పెట్టెలో ఉన్నది. సాబ్ మీద కోపం పోయింది. అయినా ఆ ఫొటో ముందరికెళ్లి పోయినప్పుడల్లా నా వేలు దానంతటదే ఎడమ కనుబొమ్మ మీదికి పోతది.

"సాబ్‌ను ఏమనకు కొడుకా, గాటు అటు పెట్టుమన్నది నేనే. గది మీ చిన్నాయిన ముఖం. రోజూ సూస్తుంటే గదే మీ నాయిన ముఖమైతది, అసలుది మర్సిపోతం. ఒక్కటన్న తప్పుంటే, సూసినప్పుడల్లా ఇటు గాదు అటు అని ఆయన యాదికొస్తడనుకున్న. నీకు జెప్తే నువ్వు కొట్లాడుడు బంద్ జేద్దువు. ఇంట్ల ఆయన ముచ్చట తీసేటోనివి నువ్వొక్కనివే ఉంటివి."