శోకసముద్రమని దిద్దిన వాక్యం

1957లో నేను ప్రొద్దుటూరులో ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్ని. అక్కడ చిన్న కథల పత్రిక ఒకటి అచ్చయ్యేది. అచ్చుతప్పులు దిద్దడం నా పని. కానీ నాకు నచ్చని వాక్యాలను కూడా దిద్దేవాణ్ణి. తెలుగు బాగా వచ్చినవాడినని పేరొచ్చి, అది నెత్తికెక్కింది.

జమ్మలమడుగు నుంచి ఒక బడిపంతులు కథ పంపాడు. పెన్నకు ఉన్నట్టుండి నీళ్లొచ్చి బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథ. "ఆమె నోటి నిండా ఇసుక. ఎంత ఉమ్మినా పోదు" అని రాశాడు. ఏడుపుకీ ఇసుకకీ ఏం సంబంధం అనుకుని కొట్టేశాను. "ఆమె శోకసముద్రంలో మునిగిపోయింది" అని రాసి కంపోజింగుకిచ్చాను.

పేజీలు కట్టకముందు సరిచూసుకోవడానికి తీసే పొడుగు కాగితాన్ని గ్యాలీ ప్రూఫ్ అంటాం. అది చూసుకోవడానికి పంతులు వాళ్లక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. అక్క విని సరేనంటేనే అచ్చు వేయమన్నాడు. ఎందుకని నేనడగలేదు. నేనే చదువుతానని మొదలుపెట్టి, నా వాక్యం దగ్గర గొంతు కూడా పెంచాను.

ఆమె కొంగు వేలికి చుట్టుకుని నాలుక గీక్కోసాగింది. ఉమ్మింది. మళ్లీ గీక్కుంది. కొంగుకు రక్తం అంటినా ఆపలేదు.

పంతులు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నేను రాసింది యాడ పాయప్పా? నీళ్లు తీసినాక ఇసుకలోనించి బిడ్డను చేతుల్తో తోడి తీసింది మా యక్క. మూడేండ్లాయ. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇసుకంటాది. డాక్టరు ఏం లేదన్నాడు. ఊర్లో పిచ్చన్నారు. కథలోనన్నా నమ్మినట్టుంటాదని రాసినా. నీళ్లల్లో బిడ్డ పోయినామెను నువ్వు సముద్రంలో ముంచితివి."

ఆమె నావైపు చూసి, "నీళ్లు కాదప్పా, ఇసుక" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కళ్లముందే నా వాక్యం కొట్టేసి, ఇసుక మాటలు మళ్లీ రాసి చదివాను. రెండోసారి చదవమంది. చదివాను. అప్పుడు కొంగు వదిలి, "ఇంగ అచ్చెయ్యండి" అంది.

అంతవరకూ పోలికంటే వాక్యానికి పెట్టే నగ అనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. వింత పోలిక కనబడితే కలం పక్కన పెట్టి, ఇట్లా ఎవరన్నారని రాసినవాళ్లను అడిగేవాణ్ణి. చాలాసార్లు ఎవరో ఒకరు నిజంగానే అని ఉండేవారు.