ఆ మైనస్ ఎక్కడిది

మొన్న మంచిర్యాలలో మా కాలేజీ స్టాఫ్ రూములో జవాబు పత్రాలు దిద్దుతుంటే, పక్క కుర్చీలోని మేడమ్ రెండు పత్రాలు నా ముందు పెట్టి, "చూడుండ్రి సార్, తప్పు గూడ ఒక్కతీరుగనే చేసిండ్రు. పక్కా కాపీ" అన్నారు. ఆమె ఎర్ర పెన్ను సున్నా చుట్టడానికి సిద్ధంగా ఉంది. "జర ఆగుండ్రి మేడమ్, పిలిచి అడుగుదాం" అన్నాను. నా తొందర చూసి ఆమె నన్నే అనుమానంగా చూశారు. ఆ పిల్లలు నా చుట్టాలనుకున్నారేమో. కాదు. అలాంటి రెండు పత్రాల్లో ఒకటి ఒకప్పుడు నాది.

కరీంనగర్‌లో ఎమ్మెస్సీ గణితం మొదటి ఏడాది చదువుతున్న రోజులవి. బస్టాండు వెనక ఒక మేడ మీది గదిలో నేనూ, ఉట్నూర్ అవతలి గోండు గూడెం నుంచి వచ్చిన మా రూమ్మేటూ ఉండేవాళ్లం. నాకన్నా ఏడాది పెద్ద కనుక నేను అన్నా అనేవాణ్ని, అతను నన్ను తమ్మీ అనేవాడు. అతను జొన్నరొట్టె చేస్తే నేను పప్పు వండేవాణ్ని. ఇద్దరం డిగ్రీ దాకా తెలుగు మీడియమే. కాంప్లెక్స్ అనాలిసిస్, అంటే సంకీర్ణ సంఖ్యల గణితం, ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో మీద పడింది. నాకు ఏది ఎదురైనా పట్టిక రాసుకునే అలవాటు. అందుకే ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగు మాటగా ఒక నోట్‌బుక్కు తయారుచేశాను. పోల్‌కు ధ్రువం, రెసిడ్యూకు అవశేషం. సగం మాటలు పాఠ్యపుస్తకాలవి, సగం నా సొంతం. రొట్టె కాలేలోపు అతను కూడా అందులోంచి ఒక పేజీ చదువుకునేవాడు.

మొదటి ఇంటర్నల్ పరీక్షలో ఒక ప్రశ్న: పాజిటివ్ దిశలో ఒక్క చుట్టు తిరిగే వృత్తం వెంట ఒక ప్రమేయాన్ని సమాకలనం చేయాలి. రావలసిన జవాబు టూ పై ఐ. మా ఇద్దరికీ దాని ముందు మైనస్ వచ్చింది. ఆ పాఠం చెప్పే సార్ ఇద్దరినీ పిలిపించారు.

"క్లాసుల అందరికి ప్లస్ వచ్చింది. మీ ఇద్దరికే గీ మైనస్ ఏడికెల్లి వచ్చింది? ఎవలు ఎవలిది చూసిండ్రు?" అన్నారు. "సోమవారం దాక టైమిస్తున్న. చెప్పకుంటే ఇద్దరికి సున్నా."

ఇంటర్నల్‌లో సున్నా వస్తే ఆ పేపర్ మళ్లీ వచ్చే ఏడాదే. నేను చూడలేదని నాకు తెలుసు. కనుక అతనే చూశాడు. ఈ నిరూపణలో నాకు లోపమేదీ కనబడలేదు. ఇక సాక్ష్యాలే కావాలి. ఒక తెల్ల కాగితం తీసుకుని వరుసగా రాయడం మొదలుపెట్టాను. ఒకటి, అతను కూర్చున్నది సరిగ్గా నా వెనక బెంచీలో. రెండు, నేను అదనపు కాగితం అడిగిన వెంటనే తనూ అడిగాడు. మూడు, పరీక్ష అయ్యాక జవాబులు పోల్చుకుందామంటే ఆకలంటూ వెళ్లిపోయాడు. నాలుగు, నేను గదిలో ఉంటే ఫోన్‌లో గొంతు తగ్గించి, నాకు అర్థంకాని గోండీలో మాట్లాడతాడు. ఐదుకు ఏమీ దొరకక అతని వంకే చూస్తూ కూర్చున్నాను.

"ఏంది తమ్మీ, అట్ల జూస్తున్నవ్? రొట్టె మాడిందా?"

"ఏం లేదన్నా."

"నిజం జెప్పు, నాది గిట్ల చూసి రాసినవా?" అని నవ్వాడు. ఆ నవ్వును ఐదో సాక్ష్యంగా రాసుకున్నాను.

సోమవారం అతనికన్నా ముందే వెళ్లి ఆ కాగితం సార్ బల్ల మీద పెట్టాను. సార్ ఓపికగా చదివి, "మంచిగనే రాసినవ్" అని సుద్దముక్క చేతికిచ్చారు. "వృత్తం గీసి, పాజిటివ్ ఎటో బాణం పెట్టు." పెట్టాను. సార్ దాన్ని తుడిచేసి, అప్పుడే వరండాలోకి వచ్చిన రూమ్మేట్‌ను పిలిచి అదే అడిగారు. అతను అదే బాణం, అదే వైపుకు పెట్టాడు.

"ఇటెందుకు తిరిగింది?"

"సవ్య దిశ గద సార్."

"పాజిటివ్ అంటే గడియారానికి ఎదురురా! అపసవ్యం! సవ్యమని ఎవలు జెప్పిండ్రు నీకు?"

అతను నా వైపు చూశాడు. "తమ్మి నోట్‌బుక్కుల ఉన్నది సార్."

ఉంది. పాజిటివ్ అంటే మంచిది, సవ్యం అంటే సరైనది, కనుక రెండూ ఒకటేనని నేనే తేల్చి, రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. గుడి చుట్టూ తిరిగినట్టు వృత్తం చుట్టూ తిరిగాను. మిగతావాళ్లు ఇంగ్లిష్ మాటను ఇంగ్లిష్‌లోనే మింగి గట్టెక్కారు. సార్ పడీపడీ నవ్వి, ఇద్దరికీ సగం సగం మార్కులు వేసి క్లాసుకు వెళ్లిపోయారు. కాగితం మాత్రం బల్ల మీదే ఉండిపోయింది. నేను చెయ్యి చాపేలోపు అతను తీసుకున్నాడు. ఒకటి నుంచి ఐదు దాకా చదివి, నాలుగో దాని మీద వేలు పెట్టాడు.

"అది మా అవ్వ తమ్మీ. నువ్వు చదువుకుంటున్నవని మెల్లగ మాట్లాడిన."

కాగితాన్ని మడిచి నా జేబులో పెట్టాడు.

అతను గది మారలేదు. రొట్టె చేయడం మానలేదు, నన్ను తమ్మీ అనడమూ మానలేదు. ఫోన్ మోగితే మాత్రం లేచి మెట్ల మీదికి వెళ్లేవాడు. వాన పడుతున్నా తలుపు దగ్గరగా వేసుకుని, రేకు కింద నిలబడి గట్టిగా, హాయిగా మాట్లాడేవాడు. "లోపలనే మాట్లాడు అన్నా" అనడానికి నాకు ఏడాదిన్నర వ్యవధి దొరికింది. ఒక్క మాటకు అది మరీ ఎక్కువ. అందుకే, రేపు అందాంలే అనుకుంటూ మొత్తం గడిపేశాను.