నాలుగు ధరకే ఐదు: రాణిగంజ్‌కు నా గేరాయిల్ యాత్ర

కాప్రా నుంచి రాణిగంజ్‌కు గేరాయిల్ కోసం బయలుదేరేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. దూరం తక్కువే. అయినా నాకు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా పట్టింది. అందులో ప్రయాణం కొంతే, మిగతాదంతా నా తెలివితేటలు.

యాత్రకు కారణం మా మేనమామ సత్తయ్యగారి ఎర్ర స్పోర్ట్స్ కారు. వయసులో నాకంటే పెద్దది, ఇంట్లో పలుకుబడి కూడా నాకంటే దానికే ఎక్కువ. మూడో గేరు వేస్తే కంకర మిషన్‌లా అరిచేది. విదేశం నుంచి గేర్‌బాక్సుకు ఇత్తడి రింగులు తెప్పించి మెట్టుగూడ మెకానిక్‌తో వేయించారు. అవి పాడైతే మళ్ళీ దొరకవు. ఇక ఆయిల్ పోయడమే మిగిలింది. ఆదివారం పాత కార్ల ఊరేగింపు. కారులో ఉన్నవి రెండే సీట్లు. రెండోది నాకా, మా అన్న రాజేందర్‌కా అన్నది తేలలేదు.

"ఆయిల్ సక్కగ తెస్తే నా పక్కన నువ్వు కూసుంటవ్. లేకుంటే మీ అన్న" అన్నారు మామయ్య ఫోన్‌లో. "జీఎల్ నాలుగు రకం ఆయిలే తే అల్లుడా. నీ బేరం తెలివి జెర పక్కకు పెట్టు."

ఆఖరి మాట ఒక్కటే మరిచిపోయాను.

9.10కి బస్సెక్కాను. పక్కన సీతాఫలాల గంపతో ఒక పెద్దమ్మ.

"ఏడికి పోతున్నవ్ కొడుకా?"

"రాణిగంజ్‌కు. గేరాయిల్ కోసం."

"మోకాళ్ళకు రాస్తరా దాన్ని?"

"కారుకు పోస్తరు పెద్దమ్మా."

"నా మోకాళ్ళు సుత గేరు పడ్తలేవు" అని, సికింద్రాబాద్ స్టేషన్ వచ్చేదాకా వాటి చరిత్ర చెప్పింది.

స్టేషన్ ఎదుట నాలుగు ఇడ్లీలు తిన్నాను. రెండోసారి చట్నీ అడగకుండానే వేశారు. మూడోసారి అడిగితే వేశారు. నాలుగోసారి నావైపు చూడటం మానేశారు.

10.30కి రాణిగంజ్. మోటార్లు, పైపులు, బేరింగుల మధ్య ఒక ఆయిల్ దుకాణం. కౌంటర్ వెనక కళ్ళద్దాల ఆవిడ, అందరూ శారదక్క అంటున్నారు. కారు సంగతి చెప్పగానే ఒక డబ్బా ముందు పెట్టింది.

"గిది తీస్కోండ్రి. జీఎల్ నాలుగు. పాత గేర్‌బాక్సుకు గిదే."

ఇక్కడ నా పెంపకం అడ్డు వచ్చింది. మా నాన్నది మోండా మార్కెట్‌లో పప్పుల కొట్టు. మొదట రెండో రకం కందిపప్పు చూపించేవాడు. లేచి వెళ్ళబోయినవాళ్ళకే లోపలి బస్తా విప్పేవాడు. అందుకే దుకాణదారు మొదట చూపించిన సరుకు నేను కొనను. ఆమె వెనక అరలో అలాంటిదే ఇంకో డబ్బా ఉంది. దాని మీద ఐదు.

"అదేంది అక్కా?"

"అది ఐదు. మీకొద్దు."

వద్దంటోందంటే దాస్తోందన్నమాట. పైగా ఐదు నాలుగు కంటే పెద్దదని బడికి వెళ్ళనివాడికీ తెలుసు.

"ఐదును నాలుగు రేటుకియ్యి."

"అన్నా, మీ దాంట్ల ఇత్తడి ఉంటే..."

"ఇత్తడి ముచ్చట మనకెందుకక్కా? రేటు చెప్పు."

రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళాను. మూడోసారి మూలమలుపు దాకా వెళ్ళాను. ఎవరూ పిలవలేదు, నేనే వెనక్కి వచ్చాను. 11.40కి ఆమె విసిగిపోయింది. "తీస్కపో అన్నా. నా నోరు నొస్తుంది." బిల్లు రాసి, కింద ఇంకో ముక్క కూడా రాసింది. గెలిచిన సంబరంలో నేను చదవలేదు.

మెట్టుగూడకు షేర్ ఆటో ఎక్కాను. పక్కన విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాయన. నా విజయగాథ విని నోరు తెరిచాడు. "ఐదుని నాలుగు రేటుకే ఇచ్చీసిందేటండీ? మీకు దండమెట్టాలండీ." ఆ దండం నేను స్వీకరించాను కూడా.

12.45కి షెడ్డు చేరాను. మామయ్య టైరు మీద కూర్చున్నారు. మెకానిక్ యాదగిరి గరాటు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఐదు మామయ్యా! నాలుగు ధరకే!"

యాదగిరి గరాటు కింద పెట్టాడు. సొరుగులోంచి నల్లబడి, గుంటలు పడిన రింగొకటి తీసి నా చేతిలో పెట్టాడు. "గిది ఐదు పోసిన బండిది. ఐదుల గంధకం మందు ఎక్కువుంటది సార్. ఇనుముకు దోస్తు, ఇత్తడికి దుష్మన్."

మామయ్య నా చేతిలోని బిల్లు తీసుకుని కింది ముక్క చదివారు. "'ఐదు వద్దని మూడుసార్లు చెప్పిన' అని రాసిందిరా ఆమె! నీకంటే గీ కాయితం నయం." ఫోన్ తీశారు. "రాజేందర్ నంబర్ ఏడుందీ..."

"ఆగండి మామయ్యా! మూత తియ్యలేదు. మార్చి తెస్త."

"మూడు గంటల దాంక చూస్త. తర్వాత సీటు మీ అన్నదే."

ఆటోవాడు అడిగినంతకే ఒప్పుకుని ఎక్కాను. అదే నాకు మొదటిసారి.

1.50కి శారదక్క ముందు నిలబడ్డాను. ఆమె తల వెనక గోడ మీద 'అమ్మిన సరుకు వాపసు లేదు' అని బోర్డు.

"అక్కా, ఐదు తీస్కొని నాలుగియ్యి."

"పెద్దది వద్దా?"

"చిన్నదే కావాలె. రేటు డబ్బా మీద ఉన్నదే ఇస్త."

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను పరీక్షగా చూసింది. "పానం మంచిగ లేదా అన్నా?" స్టూలు జరిపి, మంచినీళ్ళిచ్చి, బోర్డుకు వీపు తిప్పి డబ్బా మార్చింది.

2.50కి షెడ్డు. మామయ్య గడియారం చూసి డబ్బా అందుకున్నారు. యాదగిరి నింపడం అయ్యేసరికి నాలుగున్నర. ఆలుగడ్డ బావి దాకా ఒక చక్కర్ కొట్టాం. మూడో గేరు వెన్నలో కత్తిలా దిగింది. కంకర మిషన్ చచ్చిపోయింది.

"ఆదివారం సీటు నీదేరా అల్లుడా" అన్నారు మామయ్య. "కాప్రాల దింపుత, పా."

మెట్టుగూడ బస్‌స్టాపులో ఖాళీ గంపతో పొద్దుటి పెద్దమ్మ కనిపించింది. ఆమె మోకాళ్ళ సంగతి మామయ్యకు చెప్పి తప్పుచేశాను. ఆయన వెంటనే కారు ఆపారు. రెండే సీట్లు. నేను దిగాను.

ఆమె గంపతో సహా కారులో సర్దుకునేలోగా, 5.20కి నాకు బస్సు దొరికింది. తిరుగు ప్రయాణంలో నిలబడి తేల్చుకున్నదిది: రాణిగంజ్ వెళ్ళేవాళ్ళు డబ్బా మీది నంబరు చదవండి, దుకాణదారు మొదటి మాట కూడా ఒక్కోసారి నిజం కావచ్చు.

లాలాపేట సిగ్నల్ దగ్గర బస్సు పక్కకు ఎర్ర కారు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఒళ్ళో గంప పెట్టుకున్న పెద్దమ్మ కిటికీలో నన్ను చూసి కేకేసింది.

"కొడుకా, ఆయిల్ జెర మిగిలిందా?"